మౌంటెన్ సైకిల్ వెనుక ఎయిర్ షాక్: గాలి నింపడం నుంచి సీళ్లు మార్చడం వరకు

మౌంటెన్ సైకిల్ వెనుక చక్రానికి తగిలే దెబ్బలను గాలి బలంతో ఓర్చుకునే భాగమే వెనుక ఎయిర్ షాక్. దానిలో గాలి నిండే గదులు రెండు ఉంటాయి. పంపు తగిలించినప్పుడు గేజీకి అందేది వాటిలో ఒకటే. రెండో గదికి బయటికి వాల్వ్ ఉండదు, దానిలోని ఒత్తిడిని కొలిచే దారీ ఉండదు. అయినా సైకిలు మొదట్లో ఎంత మెత్తగా కుంగుతుందో నిర్ణయించేది చాలావరకు అదే. షాక్ సెట్ చేసేటప్పుడు జరిగే పొరపాట్లలోనూ, విప్పేటప్పుడు జరిగే ప్రమాదాల్లోనూ ఎక్కువ భాగం ఈ రెండో గదిని మరచిపోవడం వల్లే వస్తాయని నా అనుభవం. అందుకే ముందు ఆ గదుల సంగతి చెప్పి, తరువాత గాలి, సాగ్ (మనిషి ఎక్కితే షాక్ కుంగే దూరం), రీబౌండ్ (కుంగిన షాక్ తిరిగి లేవడం), స్పేసర్ల (గాలి గదిని చిన్నది చేసే ముక్కల) మీదుగా ఎయిర్ క్యాన్ సర్వీసు దాకా వెళ్తాను.

లెక్కలు గాలిలో తేలకుండా ఉండేందుకు ఒక సైకిలును ఉదాహరణగా పెట్టుకుందాం. వెనుక చక్రం కదలిక 150 మిల్లీమీటర్లు, షాక్ కొలత 210×55, నడిపే మనిషి బరువు 75 కిలోలు, శిరస్త్రాణం, బూట్లు, నీళ్ల సంచితో కలిపి 80 కిలోలు. షాక్ కొలతలో మొదటి అంకె రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య పొడవు, రెండోది స్ట్రోక్, అంటే షాక్ కుంగగలిగే దూరం. 2016 తరువాత వచ్చిన మెట్రిక్ షాక్‌లన్నీ ఈ తీరులో ఉంటాయి. అంతకుముందువి అంగుళాల లెక్కలో తయారైనవి. పాత సైకిళ్ల మీద కనిపించే 200×57 నిజానికి 7.875×2.25 అంగుళాల షాకే. మీ షాక్ స్ట్రోక్ ఎంతో తెలియకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే ఇక్కడి ప్రతి లెక్కకూ ఆ అంకే ఆధారం.

లోపల జరిగేది

ఎయిర్ షాక్‌ను రెండు యంత్రాలు కలిసిన ఒక వస్తువుగా చూడాలి. ఒకటి గాలి స్ప్రింగు, అంటే బయటికి కనిపించే లావాటి ఎయిర్ క్యానూ దాని లోపలి పిస్టనూ. రెండోది నూనెతో నిండిన డ్యాంపర్. స్ప్రింగు బరువు మోస్తుంది, డ్యాంపర్ కదలిక వేగాన్ని అదుపు చేస్తుంది. ఎర్ర నాబ్, నీలి మీట డ్యాంపర్‌కు చెందినవి. వాల్వ్ ద్వారా ఎక్కించే గాలి స్ప్రింగుకు చెందినది. ఒకదాని లోపాన్ని రెండోదానితో సరిచేయాలని చూస్తే షాక్ ఎన్నటికీ కుదురుకోదు.

గాలి స్ప్రింగులో పిస్టన్‌కు ఒకవైపు పాజిటివ్ గది, మరోవైపు నెగటివ్ గది ఉంటాయి. పాజిటివ్ గది షాక్‌ను చాపి ఉంచాలని చూస్తుంది, నెగటివ్ గది ముడవాలని చూస్తుంది. పాజిటివ్ గది ఒక్కటే ఉంటే, అంత ఒత్తిడికి ఎదురొడ్డి సీళ్ల రాపిడిని దాటి కదలడానికే పెద్ద దెబ్బ కావాలి, చిన్న గులకరాళ్ల మీద సైకిలు బండరాయిలా అనిపిస్తుంది. ఆ మొదటి మొండితనాన్ని తీసేసేది నెగటివ్ గది. ఈ గది పెద్దదైన కొద్దీ మొదలు మెత్తబడుతుంది. షాక్ తయారీ సంస్థలైన ఫాక్స్ ఈవాల్ పేరుతో, రాక్‌షాక్స్ డెబన్ఎయిర్ పేరుతో తెచ్చిన క్యాన్లలో ముఖ్యమైన మార్పు ఇదే. స్ట్రోక్ మొదట్లో ఒకచోట క్యాన్ లోపలి గోడకు చిన్న నొక్కు, అంటే సొట్ట, ఉంటుంది. పిస్టన్ సీలు ఆ నొక్కు మీదుగా పోయేటప్పుడు ఒక్క క్షణం రెండు గదుల గాలీ కలుస్తుంది, ఒత్తిడి సమానమవుతుంది. అంటే నెగటివ్ గదికి గాలి అందే దారి ఆ నొక్కు ఒక్కటే.

గాలి నింపడం

దీనికి షాక్ పంపే కావాలి. టైర్లకు వాడే నిలువు పంపు ఒక్కో నొక్కుడుకు చాలా గాలిని తోస్తుంది, కానీ షాక్ గది చిన్నది, ఒత్తిడి ఎక్కువ. టైరులో 25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, గాలి ఒత్తిడి కొలత) సరిపోయే చోట షాక్‌కు 150 నుంచి 250 దాకా కావాల్సి రావచ్చు. దీనికి కారణం లీవరేజి. మన ఉదాహరణలో చక్రం 150 మి.మీ. కదిలితే షాక్ 55 మి.మీ. మాత్రమే కదులుతుంది, నిష్పత్తి సుమారు 2.7. వెనుక చక్రం మీద పడే బరువు షాక్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్ని రెట్లవుతుంది. షాక్ మీద ముద్రించిన గరిష్ఠ ఒత్తిడిని ముందే చదివి పెట్టుకోండి, ఏ పరిస్థితిలోనూ దాన్ని దాటవద్దు.

మొదటి అంచనాకు ఫాక్స్ తన ఫ్లోట్ షాక్‌లకు ఇచ్చే సూత్రం తేలికైనది: మనిషి బరువు ఎన్ని పౌండ్లో అన్ని పీఎస్ఐ. కిలోలను 2.2తో గుణిస్తే పౌండ్లు వస్తాయి కనుక 75 కిలోల మనిషికి 165 పీఎస్ఐ. ఫ్రేమును బట్టి అసలు అవసరం దీనికి చాలా దూరంగా ఉండవచ్చు. సైకిలు తయారీదారు తన మోడల్‌కు ఒత్తిడి పట్టిక ఇచ్చి ఉంటే దాన్నే ముందు నమ్మండి.

కంప్రెషన్ మీటను, అంటే షాక్ కుంగే వేగాన్ని అదుపు చేసే నీలి మీటను, పూర్తిగా తెరిచిన స్థానంలో ఉంచండి. పంపు మూతిని వాల్వ్‌కు బిగించి 50 పీఎస్ఐ ఎక్కించి, సీటు మీద చేతులు వేసి షాక్‌ను దాని కదలికలో పావు వంతు వరకు నెమ్మదిగా పదిసార్లు కుంగదీయండి. పంపు తగిలించి ఉండగానే చేస్తే గేజీ ముల్లు దిగడం కనిపిస్తుంది. అది లీకు కాదు, నొక్కు గుండా నెగటివ్ గదికి గాలి వెళ్తోందన్న మాట. మళ్లీ 50 ఎక్కించి మళ్లీ పదిసార్లు కుంగదీయండి. ఇలా దశలవారీగా 165కు చేరాలి. ఒక్క ఊపులో 165 ఎక్కించి వదిలేస్తే పాజిటివ్ గది నిండుగా, నెగటివ్ గది బోసిగా ఉంటుంది. ఆ స్థితిలో కొలిచిన సాగ్ మొదటి నాలుగు గుంతలు దాటేసరికే మారిపోతుంది.

పంపు విప్పేటప్పుడు వచ్చే సుయ్యిమనే చప్పుడు చాలామందిని భయపెడుతుంది. షాక్ వాల్వ్ ముందే మూసుకుంటుంది, బయటికి పోయేది గొట్టంలో మిగిలిన గాలి మాత్రమే. కానీ మర్నాడు ఒత్తిడి చూద్దామని పంపు మళ్లీ తగిలిస్తే, ఖాళీ గొట్టాన్ని నింపడానికి షాక్ గాలి కొంత బయటికి వస్తుంది కనుక గేజీ నిన్నటి కంటే తక్కువ చూపుతుంది. ఈ తేడాను చూసి షాక్ లీకవుతోందని సర్వీసుకు పంపినవారు నాకు తెలుసు. గాలి నిజంగా పోతోందో లేదో తెలుసుకోవాలంటే గేజీని కాదు, సాగ్‌ను చూడాలి.

సాగ్ కొలవడం

మనిషి ఎక్కి నిలబడగానే షాక్ తనంతట తాను కుంగే దూరమే సాగ్. క్రాస్ కంట్రీ సైకిళ్లకు స్ట్రోక్‌లో 20 నుంచి 25 శాతం, ట్రెయిల్ సైకిళ్లకు 25 నుంచి 30, నిటారు దిగుడులకు తయారైన వాటికి 30 నుంచి 35 శాతం సాధారణంగా పనికొస్తాయి. చక్రం గుంతలోకి దిగాలన్నా నేలను వదలకుండా ఉండాలన్నా ఈ కుంగుదల ఉండాలి. సాగ్ లేని సైకిలు రాళ్ల మీద గంతులు వేస్తుంది. సాగ్ మరీ ఎక్కువైతే పెడలు రాళ్లకు తగులుతుంది, ఎక్కుడులో ముందు చక్రం తేలుతుంది.

కొలిచేటప్పుడు నిజంగా స్వారీకి వెళ్లే సామానంతా ఒంటి మీద ఉండాలి. రెండు లీటర్ల నీళ్ల సంచి ఒక్కటే రెండు కిలోలని మరచిపోవద్దు. హ్యాండిల్‌ను ఒకరు పట్టుకుంటే మంచిది, మనిషి దొరక్కపోతే మోచేతిని గోడకు ఆనించండి. పెడళ్లు నేలకు సమాంతరంగా పెట్టి, దిగుడులో నిలబడే భంగిమలో లేచి, రెండు మూడుసార్లు బరువుగా ఊగి, కదలకుండా ఆగండి. షాక్ కడ్డీ మీద ఉన్న రబ్బరు ఓ-రింగును సీలు అంచు దాకా జరిపి, షాక్ మళ్లీ కుంగకుండా మెల్లగా దిగండి. సీలు అంచు నుంచి ఓ-రింగు వరకు ఉన్న దూరమే సాగ్. కూర్చుని కొలవమని చెప్పే తయారీదారులూ ఉన్నారు. ఏ పద్ధతిలో కొలిచినా ప్రతిసారీ అదే పద్ధతిలో కొలవాలి.

మన ఉదాహరణలో 30 శాతం అంటే 16.5 మి.మీ. 165 పీఎస్ఐ దగ్గర కొలిస్తే 19 మి.మీ. వచ్చిందనుకోండి. అది 34 శాతం పైమాటే. ఐదేసి పీఎస్ఐ పెంచుతూ, ప్రతిసారీ పావు కదలిక వరకు పదిసార్లు కుంగదీసి, మళ్లీ కొలవాలి. 180, 185 దగ్గరకు వచ్చేసరికి 16, 17 మిల్లీమీటర్ల మధ్య కుదురుతుంది. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా దాదాపు రెండు శాతం కనుక కంటి అంచనా పనికిరాదు, స్టీలు స్కేలు గానీ వెర్నియర్ క్యాలిపర్ గానీ వాడండి. మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకెను తీసుకోండి. సరిపోయిన ఒత్తిడిని తేదీతో సహా రాసి పెట్టుకోండి. తరువాత వచ్చే ప్రతి పనిలో ఆ కాగితం అవసరమవుతుంది.

రీబౌండ్

కుంగిన షాక్ ఎంత వేగంగా లేవాలో ఎర్ర నాబ్ చెబుతుంది. గడియారం ముల్లు దిక్కుకు తిప్పితే నూనె దారి ఇరుకై షాక్ నెమ్మదిగా లేస్తుంది, ఎదురు దిక్కుకు తిప్పితే వేగంగా లేస్తుంది. నాబ్‌ను పూర్తిగా మూసిన స్థానానికి వేళ్ల బలంతో మాత్రమే తీసుకెళ్లి, అక్కడి నుంచి తెరిచే క్లిక్కులు లెక్కపెట్టండి. చివరిదాకా వచ్చాక ఇంకా బలవంతం చేస్తే లోపలి సూది దెబ్బతింటుంది.

రీబౌండ్ ఎప్పుడూ గాలి ఒత్తిడి వెంట నడుస్తుంది. గాలి ఎక్కువైతే స్ప్రింగు గట్టిగా తోస్తుంది, దాన్ని ఆపడానికి డ్యాంపింగ్ కూడా ఎక్కువ కావాలి. అందుకే సాగ్ కుదరకముందు ఈ నాబ్‌ను ముట్టుకోవద్దంటాను. తయారీదారు పట్టికలో మీ ఒత్తిడికి ఎదురుగా ఉన్న క్లిక్కులతో మొదలుపెట్టండి. పట్టిక లేకపోతే మొత్తం క్లిక్కుల్లో సగం దగ్గర పెట్టండి. తరువాత సీటు మీద కూర్చుని, పెడలు తొక్కకుండా, కాలిబాట అంచు మీది నుంచి మెల్లగా దిగండి. వెనుక భాగం కుంగి, లేచి, ఒక్కసారి కాస్త పైకి పోయి నిలిస్తే సరిపోయినట్లే. రెండు మూడుసార్లు ఊగితే వేగం ఎక్కువ, ఒక క్లిక్కు మూయండి. అసలు పైకి పోకుండా బద్ధకంగా లేస్తే ఒక క్లిక్కు తెరవండి.

కాలిబాట పరీక్ష మొదలు మాత్రమే, అసలు సమాధానం దారి చెబుతుంది. రీబౌండ్ వేగం ఎక్కువైతే ఏదైనా రాయి తగలగానే సీటు వెనుక నుంచి తన్నినట్లుంటుంది, దీన్ని ఎవరైనా వెంటనే గుర్తుపడతారు. నెమ్మది ఎక్కువైతే గుర్తుపట్టడం కష్టం. వరుస రాళ్ల మీద షాక్ ఒక దెబ్బ నుంచి లేవకముందే మరో దెబ్బ తగిలి, ప్రతి రాయికీ కొంచెం కొంచెం కిందికి దిగబడుతూ, చివరికి కదలడానికి చోటు లేక బిగుసుకుపోతుంది. నడిపేవారికి అది గట్టి షాక్‌లా అనిపిస్తుంది, వెంటనే గాలి తీసేస్తారు. గాలి తీస్తే షాక్ ఇంకా లోతుకు దిగబడుతుంది. అనంతగిరి కొండల వంటి రాతి దారుల్లో వెనుక చక్రం గట్టిగా ఉందని ఫిర్యాదు వచ్చినప్పుడల్లా నేను ముందు రీబౌండ్‌ను రెండు క్లిక్కులు తెరిచి చూస్తాను, తరువాతే గాలి మాట.

కంప్రెషన్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తక్కువ వేగపు కంప్రెషన్ అంటే సైకిలు వేగం కాదు, షాక్ కడ్డీ వేగం. పెడలు తొక్కడం, బ్రేకు వేయడం, మలుపులో ఒరగడం వంటి మెల్లని కదలికలను అది అదుపు చేస్తుంది. మొదటి నెల దాన్ని పూర్తిగా తెరిచి ఉంచి నడపండి. మీటను ఎక్కుడులో మూసినా దిగుడుకు ముందు తెరవడం మరచిపోవద్దు, మూసిన మీటతో పెద్ద దెబ్బలు తినిపించడం డ్యాంపర్‌కు మంచిది కాదు.

స్పేసర్లు: చివరి పావు కోసం

సాగ్ సరిగ్గా ఉన్నా కొందరికి షాక్ తరచూ అడుగుకు తగిలి దబ్‌మంటుంది, మరికొందరికి ఎంత నడిపినా చివరి 10 మి.మీ. ముట్టదు. ఇద్దరికీ కావాల్సింది గాలి ఒత్తిడిలో మార్పు కాదు, గది పరిమాణంలో మార్పు. పాజిటివ్ గదిలో పెట్టే ప్లాస్టిక్ స్పేసర్ ఆ గదిని చిన్నది చేస్తుంది. లెక్క తేలిక కోసం గది 100 ఘనపు సెంటీమీటర్లనీ, షాక్ పూర్తిగా కుంగితే పిస్టన్ 60 ఆక్రమిస్తుందనీ అనుకుందాం. వేడి ప్రభావాన్ని పక్కన పెడితే, మిగిలిన 40లో గాలి ఒత్తిడి రెండున్నర రెట్లవుతుంది. 10 ఘనపు సెంటీమీటర్ల స్పేసర్ పెడితే గది 90, కుంగాక మిగిలేది 30, ఒత్తిడి మూడు రెట్లు. మొదట్లో పెద్ద తేడా లేకుండా చివర్లో మాత్రం గట్టిపడటం ఇలా జరుగుతుంది.

నాలుగైదు స్వారీల తరువాత ఓ-రింగు ఎక్కడిదాకా పోయిందో చూడండి. మీరు నడిపే దారిలోని అతి పెద్ద దెబ్బకు ఒకసారి అంచు తాకితే షాక్ మొత్తం వాడుకున్నట్లే, అది తప్పు కాదు. ప్రతి స్వారీలో పలుమార్లు తగులుతుంటే ఒక స్పేసర్ చేర్చండి, ఎప్పుడూ ఐదో వంతు మిగిలిపోతుంటే ఒకటి తీయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, తయారీదారు చెప్పిన గరిష్ఠ సంఖ్య దాటకూడదు, మార్చాక సాగ్ మళ్లీ కొలవాలి. స్పేసర్ మార్చడానికి క్యాన్ విప్పాల్సిందే కనుక, ముందు కింద చెప్పే గాలి తీసే పద్ధతి చదవండి.

ఎండలూ చలీ

గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. నవంబరు ఉదయం 15 డిగ్రీల్లో 180 పీఎస్ఐ పెట్టిన షాక్‌లో గాలి ఏమాత్రం పోకపోయినా, మే నెల 40 డిగ్రీల ఎండలో అది సుమారు 197 అవుతుంది. దాదాపు పది శాతం తేడా అంటే సాగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. మన ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు, చలికాలం మొదట్లోనూ వేసవి మొదట్లోనూ సాగ్ చూసుకోవడం అవసరం. ఎండలో నిలిపిన కారులోంచి దించిన సైకిలును నీడలో చల్లబరచకుండా కొలవవద్దు.

సర్వీసు ఎప్పుడు, ఎంతవరకు

రాక్‌షాక్స్ 50 గంటల స్వారీకి ఒకసారి ఎయిర్ క్యాన్ సర్వీసు, 200 గంటలకు డ్యాంపర్ సర్వీసు చేయమంటుంది. ఫాక్స్ 125 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు, పూర్తి సర్వీసు చెబుతుంది. వారాంతంలో మూడు గంటలు నడిపేవారికి 50 గంటలంటే నాలుగు నెలలు. దక్కన్ రాతి దుమ్ము సన్నని ఉప్పుకాగితం పొడిలా సీలు పెదవిలో ఇరుక్కుని కడ్డీ పూతను గీరుతుంది, వానాకాలపు బురద అంతకంటే తొందరగా పాడుచేస్తుంది. వానల్లో నడిపేవారు గంటల లెక్క మానేసి, సీజను ముగియగానే ఒకసారి విప్పడం మేలు. సీల్ కిట్టును షాక్ మోడల్, తయారైన సంవత్సరం చూసి ముందే తెప్పించుకోండి. విప్పి పెట్టుకుని కిట్టు కోసం వారాలు ఎదురుచూడటం నేను ఒకసారి చేసిన తెలివితక్కువ పని.

ఇంట్లో చేయగలిగింది ఎయిర్ క్యాన్ వరకే. డ్యాంపర్‌లో నూనె వెనుక నైట్రోజన్ వాయువు వందల పీఎస్ఐ ఒత్తిడిలో ఉంటుంది. దాన్ని వదలడానికీ నింపడానికీ ప్రత్యేక పరికరాలు కావాలి, నూనెలో బుడగ లేకుండా నింపడం కూడా అలవాటు మీద వచ్చే పని. నాబ్ ఎటు తిప్పినా రీబౌండ్ మారకపోవడం, కుంగేటప్పుడు బురదలో కాలు తీసినట్లు చప్పుడు రావడం, కడ్డీ మీద నూనె పేరుకోవడం డ్యాంపర్ జబ్బుకు గుర్తులు. ఇవి కనిపిస్తే షాక్‌ను అనుభవం ఉన్న సస్పెన్షన్ నిపుణుడికి పంపండి. సీటును పట్టి మెల్లగా ఎత్తినప్పుడు టక్కుమనే చప్పుడు వస్తే అది వేరే సంగతి, చాలాసార్లు షాక్ చివర బోల్టు దూరే రంధ్రంలోని (ఐలెట్) బుష్ అరిగిందన్న మాట. బుష్ మార్పిడి చవకైన పని.

గాలి తీయడం

ఈ పనిలో ప్రమాదం ఉన్నది ఇక్కడే, అందువల్ల నిదానంగా చదవండి. పాజిటివ్ గది గాలిని ఒక్కసారిగా వదిలేస్తే నెగటివ్ గది గాలి నొక్కు దగ్గర సమానమయ్యే సమయం లేక లోపలే చిక్కుకుంటుంది. ఎదురు ఒత్తిడి లేదు కనుక అది షాక్‌ను ముడిచి పట్టుకుంటుంది. చాలా ఏళ్ల క్రితం నేను వాల్వ్‌ను మేకుతో నొక్కి పట్టుకున్నప్పుడు సైకిలు వెనుక భాగం కూర్చుండిపోయి మళ్లీ లేవలేదు. గాలి అయిపోయిందనుకుని క్యాన్ మీద చేయి వేశాను. పక్కనే ఉన్న మెకానిక్ చెయ్యి పట్టి ఆపకపోతే, మర దారం వదిలిన క్షణంలో ఆ క్యాన్ ఎటు ఎగిరేదో తెలియదు.

వాల్వ్‌ను చిన్న ఆలెన్ కీ కొసతో కొద్దికొద్దిగా నొక్కుతూ, మధ్య మధ్య సీటును నొక్కి షాక్‌ను పావు వంతు కదిలిస్తూ, మళ్లీ నొక్కుతూ సాగండి. నొక్కినప్పుడల్లా కాస్త గాలి వస్తుంటే నెగటివ్ గది కూడా ఖాళీ అవుతోందని అర్థం. షాక్ తనంతట తాను ముడుచుకుని తిరిగి చాచుకోకపోతే విప్పవద్దు. పంపు తగిలించి, గరిష్ఠ ఒత్తిడి దాటకుండా గాలి ఎక్కించండి. చాలావరకు అది చాచుకుంటుంది, అప్పుడు మొదటి నుంచి నెమ్మదిగా తీయాలి. ఎంత ఎక్కించినా చాచుకోకపోతే దాన్ని అలాగే నిపుణుడికి ఇవ్వండి.

క్యాన్ విప్పి సీళ్లు మార్చడం

బయటికి మర దారంతో విప్పదగిన క్యాన్ ఉన్న షాక్‌లకు ఈ క్రమం వర్తిస్తుంది. సీళ్ల సంఖ్య, నూనె కొలత మోడల్‌ను బట్టి మారతాయి కనుక మీ షాక్ సర్వీసు పుస్తకం పక్కన తెరిచి ఉంచుకోండి. కావాల్సినవి సీల్ కిట్టు, సస్పెన్షన్ గ్రీజు, తయారీదారు చెప్పిన క్యాన్ నూనె, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని బట్ట, ప్లాస్టిక్ పుల్ల, వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి చిన్న భాగం) తీసే పరికరం, రెండు పాత ట్యూబు ముక్కలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు.

సైకిలు కడిగి ఆరనివ్వండి. ఒత్తిడి, రీబౌండ్ క్లిక్కులు రాసుకుని, పైన చెప్పినట్లు గాలి తీయండి. షాక్ తీయగానే వెనుక చక్రం కిందికి పడిపోతుంది, దాని కింద చెక్క ముక్క పెట్టండి. బోల్టులు తీసేటప్పుడు వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాక్ బయట ఉన్నప్పుడు వెనుక భాగాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. బేరింగులు ఎక్కడ పట్టేస్తున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

వాల్వ్ కోర్ తీసేయండి. ఒక ఐలెట్ గుండా మందపాటి బట్టను దూర్చి క్యాన్ మీదుగా చుట్టండి, మిగిలిన గాలి ఏమైనా ఉంటే క్యాన్ ఎగరకుండా అది పట్టుకుంటుంది. ముఖాన్ని షాక్ వరుసలో ఉంచవద్దు. ట్యూబు ముక్కను క్యాన్ చుట్టూ బిగించి ఎడమకు తిప్పండి. రాకపోతే సుత్తి, పైపు రెంచ్ వైపు చూడకుండా స్ట్రాప్ రెంచ్ తెచ్చుకోండి. దారాలు వదిలాక క్యాన్‌ను జారుస్తుంటే చివర్లో చిన్న 'ప్ఫ్' చప్పుడు రావడం సహజం.

లోపల కాస్త నల్లబడిన నూనె ఉండటం మామూలే. కానీ మీరు పోసిన దానికంటే చాలా ఎక్కువ నూనె కనిపిస్తే అది డ్యాంపర్ నుంచి వచ్చింది, పని అక్కడితో ఆపాలి. కడ్డీని తుడిచి గోరుతో పొడవునా రాసి చూడండి. గోరు పట్టే గీత ఉంటే కొత్త సీలు కూడా నిలవదు.

పాత సీళ్లను ప్లాస్టిక్ పుల్లతో తీయండి, ఇనుప సూది గాడిని గీరుతుంది, ఆ గీత గుండానే గాలి పోతుంది. తీసిన వాటిని వరుసగా బట్ట మీద పేర్చి ఫొటో తీసుకోండి. దుమ్ము సీలు పెదవి బయటికి చూడాలి, యూ ఆకారపు సీలు తెరిచిన వైపు ఒత్తిడి ఉన్న గది వైపు చూడాలి. తిరగేసి పెట్టిన సీలు ఒక్క రాత్రి కూడా గాలిని ఆపదు. గాడులను ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరనివ్వండి. వీధి మెకానిక్ షాపుల్లో చేసినట్లు పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగవద్దు, తుప్పు వదలగొట్టే స్ప్రేలు కొట్టవద్దు, కొబ్బరినూనె ఊసే వద్దు. ఇవేవీ ఈ సీళ్ల కోసం తయారైనవి కావు.

కొత్త సీళ్లకు పలుచగా గ్రీజు రాసి, మెలి పడకుండా కూర్చోబెట్టి, వేలితో చుట్టూ నిమిరి చూడండి. స్పేసర్ మార్చదలిస్తే ఇప్పుడే మార్చాలి. పుస్తకం చెప్పినన్ని మిల్లీలీటర్ల నూనె పోయండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు, నూనె ముడుచుకోదు కనుక అదీ ఒక స్పేసర్‌లాగే గదిని చిన్నది చేస్తుంది. క్యాన్‌ను తిన్నగా జార్చి, ముందు ఎడమకు కాస్త తిప్పి దారం 'టక్' అని పడ్డాక కుడికి చేత్తో బిగించండి. అడ్డదారం పడితే క్యానే మార్చాల్సి వస్తుంది. ట్యూబు ముక్కతో చేతి బలమంతా పెట్టి బిగిస్తే చాలు. వాల్వ్ కోర్ పెట్టి 50 పీఎస్ఐ ఎక్కించి, వాల్వ్ చుట్టూ, క్యాన్ అంచుల చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. బుడగలు లేకపోతేనే సైకిలుకు ఎక్కించండి.

బోల్టు వేళ్లతో దూరాలి. సుత్తి అవసరమైతే షాక్ వంకరగా కూర్చుందని అర్థం. ఫ్రేము మీద రాసిన టార్క్ (బిగింపు బలం) ప్రకారం బిగించి, రాసుకున్న ఒత్తిడి వరకు 50 చొప్పున, ప్రతి దశలో పదిసార్లు కుంగదీస్తూ గాలి నింపండి. కొత్త సీళ్లతో, కొత్త గ్రీజుతో రాపిడి మారుతుంది కనుక అదే ఒత్తిడిలో సాగ్ మునుపటిలా ఉండకపోవచ్చు, మళ్లీ కొలిచి సరిచేయండి. సైకిలును ఒక రాత్రి అలాగే ఉంచి, ఉదయం పంపు తగిలించకుండానే ఎక్కి సాగ్ చూడండి. నిన్నటి కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కుంగితే మొదట వాల్వ్ కోర్‌ను పావు చుట్టు బిగించి ఒక రాత్రి మళ్లీ ఆగండి. అప్పటికీ తగ్గితే సీలు మెలి పడింది లేదా తిరగబడింది, నెమ్మదిగా గాలి తీసి క్యాన్ మళ్లీ విప్పాలి.